సముద్రానికి అన్నభేది

మా చిన్నాయన శెనక్కాయ చేనికి మందు కొట్టేటప్పుడు డ్రమ్ములో నీళ్లు కలిపే పని నాది. కళ్యాణదుర్గం చుట్టూ ఎక్కువగా ఎర్రనేలలే. మా చేనులో మాత్రం ఒక మూల సున్నపు పొర పైకి తేలి ఉండేది. వానలు బాగా పడి నేల చెమ్మగా ఉన్న ఏడు ఆ మూల పైరు పాలిపోయేది. కింది ముదురాకులకు ఏమీ అయ్యేది కాదు. పైన కొత్తగా వచ్చే లేతాకులే పసుపు తిరిగేవి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలేవి. ఇంకో వారం చూస్తూ ఊరుకుంటే ఆ ఆకు తెల్లకాగితంలా అయిపోయేది.

"తెగులు కాదురా ఇది, ఇనుము చాల్లేదు" అని చిన్నాయన అన్నభేది తెప్పించేవాడు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు, కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు. అన్నభేది పలుకులు లేత ఆకుపచ్చగా, చూడటానికి పటికబెల్లం ముక్కల్లా ఉంటాయి. ఒకసారి నేను నిమ్మ ఉప్పు వేయడం మరిచాను. సగం డ్రమ్ము మిగిలింది, రేపు కొడదాంలే అని అలాగే వదిలేశాను. తెల్లారి చూస్తే అడుగున ఇటుకపొడి రంగు మడ్డి, పైన తేట నీళ్లు.

"కలిపింది కలిపినట్టే కొట్టేయల్ల. రాత్రి పెడితే తుప్పయిపోతాదని చెప్పింటి కదరా" అన్నాడు చిన్నాయన. తిట్టలేదు. ఆ నీళ్లు పారబోసి మళ్లీ కలిపించాడు.

సముద్రం మా ఊరికి చాలా దూరం. సంతలో బస్తాల మీద పరిచి అమ్మే ఎండు నెత్తళ్ల వాసన తప్ప దాని జాడ మాకు తెలీదు. అయినా భూమ్మీద మహాసముద్రాల్లో ఇంచుమించు మూడో వంతును పట్టి పీడిస్తున్న కరువేమిటో అర్థం చేసుకోవడానికి ఆ డ్రమ్ముకు మించిన పాఠం నాకు ఇంతవరకు దొరకలేదు.

ఇనుము రెండు రూపాల్లో ఉంటుంది. అన్నభేదిలో ఉన్నది నీళ్లలో కరిగే ఇనుము. దానికి గాలిలోని ఆక్సిజన్ తగిలితే తుప్పవుతుంది, తుప్పు నీళ్లలో కరగదు. మా బోరు నీళ్లలాగా సున్నం, క్షారం ఉన్న నీళ్లలో ఈ పని మరీ తొందరగా జరుగుతుంది. నేలలో ఇనుముకు కొదవ లేదు. తుప్పు రూపంలో ఉన్న ఇనుమును వేరు పీల్చుకోలేకపోవడమే ఇబ్బంది. నిమ్మ ఉప్పు చేసేదేమిటంటే, ఇనుమును తుప్పు పట్టకుండా తన పట్టులో ఉంచుకుని ఆకు దాకా చేర్చడం. ఇనుము అందని ఆకు పచ్చదనాన్ని తయారు చేసుకోలేదు. పచ్చదనం లేనిదే ఎండను పట్టుకోలేదు, ఎండను పట్టకపోతే దానికి తిండి లేదు.

ఇప్పుడు ఆ డ్రమ్ము జాగాలో సముద్రాన్ని పెట్టుకుని చూడండి. సముద్రపు నీటిలో ఆక్సిజన్ ఉంది. ఆ నీరు కొంచెం క్షారం కూడా, పిహెచ్ సుమారు 8.1. అందులో పడిన ఇనుము తుప్పై అడుగుకు దిగిపోతుంది. దక్షిణ మహాసముద్రపు పైనీటిలో కరిగి ఉన్న ఇనుమును గ్రాము పోగు చేయాలంటే రెండు కోట్ల లీటర్లకు మించి నీటిని వడకట్టాలి. అక్కడ నీళ్లు ఉన్నాయి, వేసవిలో ఎండా ఉంది, నత్రజని, భాస్వరం కూడా వాడకుండా మిగిలిపోయి ఉన్నాయి. అయినా పైరు పాలిపోయి ఉంది.

పైరు అంటే అక్కడ మన కంటికి కనిపించేది ఏదీ లేదు. సముద్రపు మొక్కలంటే మనకు రాతికి అంటుకుని ఊగే నాచు, కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులు గుర్తుకొస్తాయి. అవి ఒడ్డున ఉండే వాటికి చాలా విలువైనవే, కానీ అవి ఉన్న జాగా సన్నని అంచు మాత్రమే. నడి సముద్రంలో సేద్యమంతా ఏకకణ జీవులది. గాజులాంటి సిలికా పెట్టెల్లో బతికే డయాటమ్‌లు, సున్నపు బిళ్లలు కప్పుకునే కొకొలితోఫోర్లు, వీటన్నిటికన్నా చిన్నవైన సయనోబాక్టీరియాలు. వీటిలో ప్రొక్లోరోకాకస్ అనే దాని సంగతి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేని ఈ కణాలను వంద వరసగా పేర్చినా మన వెంట్రుక మందం రాదు. వెచ్చని సముద్రంలో చెంచాడు నీళ్లు తీస్తే అందులో ఇవి లక్షల్లో ఉంటాయి. భూమ్మీద సంఖ్యలో దీన్ని మించిన కిరణజన్య సంయోగక్రియ జీవి లేదు. అయినా 1980ల నడుమ దాకా అది ఉన్నట్టే ఎవరికీ తెలీదు. శాలీ చిజమ్, రాబర్ట్ ఓల్సన్, వాళ్ల తోటివాళ్లు దాని గురించి ప్రకటించింది 1988లో.

1998లో క్రిస్టఫర్ ఫీల్డ్ బృందం ఉపగ్రహ కొలతల ఆధారంగా ఒక లెక్క కట్టింది. నేల మీది చెట్టూ చేమా ఏడాదికి సుమారు 5,640 కోట్ల టన్నుల కార్బన్‌ను తిండిగా మారుస్తాయి. సముద్రం మార్చేది సుమారు 4,850 కోట్ల టన్నులు. అంటే మొత్తంలో సగానికి కొంచెమే తక్కువ. కానీ నిలవ ఉన్న పచ్చదనాన్ని తూకం వేస్తే సముద్రానిది ప్రపంచం మొత్తంలో ఒక శాతం కూడా లేదు. ఒక శాతం కన్నా తక్కువ పచ్చదనం అంత పని ఎలా చేస్తుంది? మర్రిచెట్టు తాను సంపాదించినదాన్ని వందేళ్లు మానులో దాచుకుంటుంది. సముద్రపు కణానికి దాచుకోవడానికి మానూ లేదు, కొమ్మా లేదు. పుడుతుంది, ఎండ పడుతుంది, రెండుగా చీలుతుంది, ఎవరో ఒకరు తినేస్తారు. సగటున వారం తిరక్కుండానే సముద్రపు పైరు మొత్తం కోతకొచ్చి మళ్లీ మొలుస్తుంది. ఏడాదికి ఒక్క పంట కోసం జూన్ నుంచి ఆకాశం వైపు చూసే మా ప్రాంతం వాడికి ఈ లెక్క నమ్మబుద్ధి కాదు.

ఇనుము సంగతి బయటపెట్టినవాడు కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్ మెరైన్ ల్యాబొరేటరీస్‌లో పనిచేసిన జాన్ మార్టిన్. పోలియో వల్ల నడక కష్టమైన మనిషి. ఆయనకు ముందు సముద్రంలో ఇనుమును కొలిచినవాళ్లకు అది పుష్కలంగా కనిపించేది. ఎందుకంటే ఓడ ఇనుముది, నీళ్లు తోడే పాత్ర వేలాడే తాడు ఇనుముది, గదిలో గాలి నిండా తుప్పు ధూళి. కొలిచింది సముద్రాన్ని కాదు, ఓడనే. మార్టిన్ బృందం ప్లాస్టిక్ పరచిన గదుల్లో, ఇనుము తగలని పాత్రలతో, తాళ్లతో మళ్లీ కొలిచింది. ఉందనుకున్న ఇనుము దాదాపు మాయమైపోయింది. అలాస్కా సింధుశాఖ నీళ్లను సీసాల్లో పట్టి, కొన్నింటిలో పిసరంత ఇనుము కలిపి, కొన్నింటిని అలాగే ఉంచారు. ఇనుము కలిపిన సీసాలు పచ్చబడ్డాయి. ఆ ఫలితాన్ని స్టీవ్ ఫిట్జ్‌వాటర్‌తో కలిసి 1988లో ప్రచురించాడు.

సీసాలో జరిగింది సముద్రంలో జరుగుతుందా? చేలో కొట్టి చూడాల్సిందే. 1993 అక్టోబరులో గలపగోస్ దీవుల దగ్గర 64 చదరపు కిలోమీటర్ల నీటి మీద ఓడతో ఇనుము చల్లారు. చల్లింది ఫెర్రస్ సల్ఫేట్. ఎరువుల అంగడిలో మనం అడిగే పేరుతో చెప్పాలంటే అన్నభేదే. తుప్పు పట్టకుండా దాన్ని పుల్లటి నీళ్లలో, అంటే ఆమ్లం కలిపిన సముద్రపు నీటిలో కరిగించారు. ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు నిమ్మ ఉప్పు పొట్లం కళ్లముందు కదిలింది. కొద్ది రోజుల్లోనే నీళ్లు పచ్చదనం అందుకున్నాయి. 1995లో మళ్లీ చేస్తే పత్రహరితం దాదాపు ముప్పై రెట్లు పెరిగింది. అది చూడటానికి మార్టిన్ లేడు. మొదటి ప్రయోగానికి నాలుగు నెలల ముందే, 1993 జూన్‌లో కన్నుమూశాడు.

ఈ కథలో మన దేశానికీ ఒక అధ్యాయం ఉంది. 2009 జనవరి నుంచి మార్చి దాకా గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి పోలార్‌స్టెర్న్ అనే ఓడ మీద దక్షిణ మహాసముద్రానికి వెళ్లాయి. ప్రయోగం పేరు లోహాఫెక్స్. 'లోహా' అన్నది హిందీలో ఇనుమును పిలిచే మాటే. సయ్యద్ వజీహ్ నఖ్వీ, విక్టర్ స్మెటాచెక్ నాయకత్వం వహించారు. సముద్రాన్ని కలుషితం చేస్తున్నారని పర్యావరణ సంఘాలు అడ్డుపడితే, జర్మనీ ప్రభుత్వం కొన్నాళ్లు ఆపి మళ్లీ సరేనంది. 300 చదరపు కిలోమీటర్ల మేర అన్నభేది చల్లారు. మొదటి రెండు వారాలు పైరు బాగానే లేచింది. తర్వాత కోపిపాడ్‌లనే రొయ్యజాతి చిన్న జీవులు దాని మీద పడి మేసేశాయి.

ఎందుకు అలా జరిగిందంటే, ఆ నీటిలో సిలికా అయిపోయి ఉంది. గాజు పెట్టె కట్టుకోవడానికి సిలికా లేక డయాటమ్‌లు పెరగలేదు. పెట్టె లేని మెత్తటి కణాలు పెరిగాయి, వాటిని తినడం తేలిక. దాంతో గాలిలోని కార్బన్‌ను సముద్రం అడుగున పాతరేద్దామన్న ఆశ నెరవేరలేదు. అదే స్మెటాచెక్ 2004లో సిలికా ఉన్న చోట ఇలాంటి ప్రయోగమే చేసినప్పుడు డయాటమ్‌లు విరగబడి పెరిగాయి. ఆ పైరులో కనీసం సగం వెయ్యి మీటర్ల లోతు దాటి కిందికి దిగింది. ఒక లోపం తీరిస్తే ఇంకో లోపం బయటపడుతుందన్నది ఏ రైతుకైనా తెలుసు. సముద్రానికి ఇనుము పోసి కార్బన్ క్రెడిట్లు అమ్ముకుందామని తొందరపడేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. ఒక చోట విరగపండిన పైరు నత్రజని, భాస్వరం లాగేస్తే దిగువ నీటికి ఏం మిగులుతుంది? చచ్చి కుళ్లిన పైరు లోతుల్లో ఆక్సిజన్‌ను తినేస్తే అక్కడి చేపలేమవుతాయి? పరిశోధన జరగాలి. వ్యాపారం మాత్రం ఇప్పుడే వద్దు.

అసలు ఆ సముద్రానికి పాతకాలంలో ఎరువు తోలేవాళ్లు ఉండేవాళ్లు. తిమింగలాలు. అవి మేసే రొయ్యలాంటి చిన్న జీవి క్రిల్‌లో ఇనుముంటుంది. వాటి పేడలో ఇనుము అంటార్కిటిక్ నీటిలో కన్నా దాదాపు కోటి రెట్లు చిక్కగా ఉంటుందని 2010లో కొలిచారు. ఇరవయ్యో శతాబ్దంలో దక్షిణార్ధగోళంలో మనుషులు ఇరవై లక్షల తిమింగలాలను చంపారు. పశువులను అమ్ముకున్న ఊళ్లో చేలేమవుతాయో చూసినవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు.

అన్ని సముద్రాలకూ ఇనుము లోపమే అనుకుంటే పొరపాటు. మన బంగాళాఖాతం బాధ వేరు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీరు, దానికి తోడు కుంభవృష్టి, ఉప్పునీటి మీద తేలికపాటి మూతలా పరుచుకుంటాయి. ఎరువంతా ఆ మూత కింద చీకటిలో ఉంది, ఎండ మూత పైన ఉంది. అక్కడి గాలికి ఆ మూత పగలగొట్టే బలం చాలదు. ఈ సంగతిని ప్రసన్న కుమార్, ఆయన తోటి శాస్త్రవేత్తలు 2002లో వివరించారు. నీళ్లు ఎక్కువై వచ్చిన కరువది. తుపాను వస్తే మూత చెదురుతుంది. 1999 మే నెలలో మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఓషన్‌శాట్-1 ఆ అక్టోబరులోనే ఒడిశా మహా తుపాను వెళ్లిన దారిలో నీళ్లు పచ్చబడటాన్ని పైనుంచి చూసింది. ఒడ్డున అంత ఘోరం జరుగుతుంటే నడి సముద్రంలో పైరు మొలిచింది. ఇప్పుడు అలాంటి ఉపగ్రహ చిత్రాలనే చూసి, హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు చేపలు ఎక్కడ దొరకవచ్చో మత్స్యకారులకు తెలుగులో సమాచారం పంపుతున్నారు. పచ్చదనం ఉన్న చోటికి కవళ్లు వస్తాయి, కవళ్ల వెంట పెద్ద చేపలు వస్తాయి.

అరేబియా సముద్రం కథ మా ఊరికి ఇంకా దగ్గర. ఆషాఢంలో కళ్యాణదుర్గంలో గాలి ఎలా వీస్తుందో అక్కడ ఉన్నవాళ్లకే తెలుసు. పైపంచ నిలవదు, తలుపు రెక్కలు రాత్రంతా కొట్టుకుంటూనే ఉంటాయి, మబ్బులు తలమీద పరుగెత్తుతాయి గాని చినుకు రాలదు. గాలిమరలు మాత్రం ఆగకుండా తిరుగుతాయి. ఆ గాలి మా దగ్గరకు రాక ముందు సొమాలియా, ఒమన్ తీరాల మీదుగా అరేబియా సముద్రాన్ని దున్నుకుంటూ వస్తుంది. పైనీటిని పక్కకు తోసి, అడుగున ఉన్న చల్లని, ఎరువున్న నీటిని పైకి లాగుతుంది. ఆ నెలల్లో అక్కడ డయాటమ్‌లు మేఘాల్లా కమ్ముతాయి. సముద్రానికి దుక్కి దున్ని, పడమటి కనుమల మీద వాన కుమ్మరించి, వట్టి చేతులతో మా ఊరు చేరుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కోసం కాచుకునే జిల్లా మాది. ఆ గాలిని చిన్నప్పటి నుంచి శాపనార్థాలు పెట్టినవాణ్ని. అది అప్పటికే ఒక సముద్రానికి తిండి పెట్టి వస్తోందని తెలిశాక అలా తిట్టలేకపోతున్నాను.

గాలి పడిపోయి సముద్రం అద్దంలా ఉండే ఎండాకాలంలో అరేబియా నీటి మీద రంపపు పొట్టు చల్లినట్టు ఒక తెట్టె తేలుతుంది. అది ట్రైకోడెస్మియమ్. గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మార్చుకోగల సయనోబాక్టీరియా. ఇది కొత్త విద్యేమీ కాదు. మంచి శెనక్కాయ చెట్టును మెల్లగా పీకి వేళ్లు చూడండి. ఆవగింజలంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల లేత గులాబి రంగు. ఆ బుడిపెల్లోని రైజోబియం అనే బాక్టీరియా చేసే పని కూడా అదే. గులాబి రంగు మన నెత్తురులో ఉండే పదార్థానికి చుట్టమైనదాని వల్ల వస్తుంది, అందులోనూ ఇనుమే. నత్రజనిని పట్టే ఎంజైముకు ఇనుము మరీ ఎక్కువ కావాలి. కాబట్టి నత్రజని కరువును తీర్చుకోవాలన్నా ముందు ఇనుము ఉండాలి.

ఇంతకీ ఆ ఇనుమంతా ఎక్కడికి పోయింది? మన భూమి బరువులో దాదాపు మూడో వంతు ఇనుమే. అలాంటి భూమి మీద సముద్రానికి గ్రాము ఇనుము దొరక్కపోవడమేంటి?

జవాబు మా ఊరికి పడమరగా ఉంది. రాయదుర్గం దాటి డి.హీరేహాళ్ వైపు వెళ్తే ఓబుళాపురం కొండలు వస్తాయి. అవతల బళ్లారి, సండూరు. గనుల గొడవల వల్ల ఆ పేర్లు వినని తెలుగువాళ్లు లేరు. ఆ ఖనిజపు రాయి ముక్కను అడ్డంగా చూస్తే ఉక్కు రంగు పొర, ఎర్ర పొర, మళ్లీ ఉక్కు రంగు పొర, పట్టు చీర అంచులా కనిపిస్తుంది. ఆ పొరలు సుమారు 270 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్నవి. అప్పటి గాలిలో ఆక్సిజన్ లేదు. సముద్రం నిండా కరిగిన ఇనుము ఉండేది, నిమ్మ ఉప్పు కలిపిన మా డ్రమ్ములాగే. ఎండను తిండిగా మార్చుకునే సూక్ష్మజీవులు అందులో పుట్టాయి. కొన్ని ఇనుమునే నేరుగా వాడుకుని తుప్పు చేశాయి. సయనోబాక్టీరియాలు ఆక్సిజన్ వదిలి, ఆ ఆక్సిజన్‌తో తుప్పు పట్టించాయి. ఏ కొండలో ఎవరి వాటా ఎంతో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. తుప్పు మాత్రం అడుగుకు దిగింది, దిగి కొండయింది. సండూరు వరసలో ఆ కాలపు సూక్ష్మజీవుల గుట్టలు, స్ట్రొమటోలైట్లు కూడా దొరికాయి.

తూర్పున వాటిని ఇంకా బాగా చూడవచ్చు. పెన్న నది మా వైపు నుంచి ఉత్తరంగా పోయి, పెన్నహోబిలం దాటాక తూర్పుకు తిరిగి తాడిపత్రి మీదుగా కడప నేలలోకి దిగుతుంది. ఆ నేలంతా ఒకప్పటి సముద్రమే. విలియం కింగ్ 1872లో ఆ రాళ్ల గురించి పెద్ద గ్రంథమే రాశాడు. వేంపల్లె, పార్నపల్లె వైపు డోలమైట్ రాళ్లలో ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్టు పొర మీద పొరగా గుండ్రాలు కనిపిస్తాయి. దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట లోతులేని వెచ్చని నీటిలో సయనోబాక్టీరియా జిగట చాపలా పరుచుకునేది. మీద సున్నపు ఒండ్రు పడితే దాన్ని పట్టుకుని, ఎండ కోసం మళ్లీ పైకి పాకేది. ఒక్కో పొర ఒక్కో పాకులాట. గోరంత మందంలో పదుల పొరలు లెక్కపెట్టవచ్చు.

సముద్రమే మనకు సగం ఊపిరి ఇస్తోందని చాలామంది రాస్తుంటారు. మాట సరిగా చెప్పాలి. ఈ ఏడు సముద్రంలో పుట్టిన ఆక్సిజన్‌లో దాదాపు అంతా ఈ ఏడు సముద్రంలోనే తినేవాళ్లకు, కుళ్లబెట్టేవాళ్లకు ఖర్చయిపోతుంది. మనం పీలుస్తున్నది పాత నిలవ. కోట్ల ఏళ్లుగా కొంచెం కొంచెంగా కార్బన్ మట్టిలో పూడిపోతూ ఉంటే, దానికి జతగా గాలిలో మిగిలిన ఆక్సిజన్ అది. ఆ నిలవకు మొదటి పిడికిలి వేసినవి ఇలాంటి జిగట చాపలే. అవి వదిలిన ఆక్సిజన్‌ ముందు చాలాకాలం సముద్రంలోని ఇనుముకు తుప్పు పట్టించడానికే ఖర్చయింది, సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట గాలిలో నిలవడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి సముద్రంలో ఇనుము కరిగి ఉండటం మెల్లమెల్లగా కష్టమైపోయింది. ఈనాటి సముద్రపు కణాలు ఇనుము కోసం అల్లాడుతున్నాయంటే ఆ తాళం వేసినవి వాటి పూర్వీకులే.

తాళం తీసే ఉపాయమూ అవే నేర్చుకున్నాయి. ఇనుమును పట్టి ఉంచే సన్నటి పదార్థాలను సముద్రపు బాక్టీరియా తయారు చేసి నీళ్లలోకి వదులుతుంది. సముద్రంలో కరిగి ఉన్న ఇనుములో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు ఇలాంటి పదార్థాల పట్టులోనే ఉంటుంది. తుప్పు పట్టకుండా పట్టుకుని ఆకు దాకా చేర్చడమే వాటి పనీ.

ఆ ఏడు రెండోసారి కలిపినప్పుడు నిమ్మ ఉప్పు మరవలేదు. పొద్దు వాలాక కొట్టాం, వారానికి ఇంకోసారి కొట్టాం. మూలన ఉన్న చెట్లకు మొవ్వలో ముందు ఈనెల పక్కన సన్నగా, తర్వాత ఆకంతా పచ్చదనం వచ్చింది. డ్రమ్ము అంచున పడిన తుప్పు గీత మాత్రం ఇసుకతో తోమినా పోలేదు. ఆ డ్రమ్ము ఇప్పుడు పశువుల కుడితికి వాడుతున్నారు, గీత అలాగే ఉంది.